పుట్టింటికి వెళ్ళిన టెలివిజన్

టోకియో వెళ్ళివచ్చినవాళ్ళు సాధారణంగా ఫ్యూజీ పర్వతం గురించి రాస్తారు. చెర్రీ పూల గురించి రాస్తారు. బాణంలా దూసుకుపోయే రైళ్ళ గురించి తప్పకుండా రాస్తారు. ఆ మూడూ నేనూ చూశాను గాని, ఇప్పుడు వాటి ఊసెత్తను. నా ప్రయాణానికి వేరే పని ఒకటి పడింది. ఆ పని నా చేతిసంచీలో, పాత తువ్వాలులో చుట్టి ఉంది. బరువు అరకిలో పైచిలుకు.

అది మా మామయ్యగారి జేబు టెలివిజన్.

మామయ్య కువైట్‌లో పదకొండేళ్ళు క్రేన్లు బాగుచేసే మెకానిక్‌గా పనిచేసి, 1987లో హైదరాబాదు వచ్చి ఉప్పల్‌లో స్థిరపడ్డాడు. వస్తూ వస్తూ అమ్మకో చీర, అమ్మమ్మకో దుప్పటి, మాకు చాక్లెట్లు తెచ్చి, తనకోసం మాత్రం ఈ జపాను పెట్టెను తెచ్చుకున్నాడు. రెండంగుళాల తెర. నలుపు తెలుపు బొమ్మ. లాగితే మూరెడు పొడుగు సాగే ఏరియల్. నాలుగు బాటరీలు వేస్తే మాట్లాడుతుంది, ఆడుతుంది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, మా తమ్ముడికి అయిదు. మామయ్య చొక్కా జేబులో పడుతుందా లేదా అని మేమిద్దరం పందెం వేసుకున్నాం. జేబులో పట్టింది గాని, చొక్కా ఓ పక్కకి ఒరిగిపోయింది.

అది ఒక్క మనిషి చూడడానికి చేసిన వస్తువు. కాని మా ఇంట్లో దాని జాతకం వేరు. ఆ రోజుల్లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో రామాయణం వచ్చేది. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయేది. వీధిలో పెద్ద టెలివిజన్లన్నీ కళ్ళు మూసుకునేవి. అప్పుడు మామయ్య ఈ పెట్టె పట్టుకుని అరుగు మీదకి వచ్చేవాడు. ఒకనాడు లెక్కపెట్టాను, రెండంగుళాల తెర చుట్టూ పదకొండుమందిమి. అమ్మమ్మకి హిందీ ఒక్క ముక్క రాదు. రామాయణానికి భాష దేనికని ఆవిడ వాదన. బాటరీలు నీరసించేకొద్దీ బొమ్మ నాలుగు వైపులనుంచీ ముడుచుకుపోయేది. మామయ్య ఆ బాటరీలనే ఎండలో పెట్టి మరో పావుగంట బతికించేవాడు.

అలా ముప్పయ్యేళ్ళు దాటింది. చెడినప్పుడల్లా మామయ్యే విప్పి, కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళి సామాను తెచ్చి అతికేవాడు. రాత్రిళ్ళు చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని వార్తలు వినేవాడు. కొన్నేళ్ళ కిందట ఒకరోజు బొమ్మ రాలేదు. తెరనిండా మంచు, చెవినిండా హోరు. విప్పి శుభ్రం చేశాడు, మళ్ళీ బిగించాడు. అదే మంచు. నేను వెళ్ళేసరికి ముక్కలన్నీ దినపత్రిక మీద పరుచుకుని కూర్చున్నాడు.

"ఎందుకు విప్పావు మామయ్యా? విప్పకుండా ఉంటే ఎవరిచేతనయినా బాగుచేయించేవాళ్ళం గదా!" అన్నాను.

ఆ మాట అనవలసింది కాదు. మామయ్య ఏమీ అనలేదు. ముక్కలు బిగించి, తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టేశాడు. ఆ తరవాత ఇంట్లో మిక్సీ ఆగిపోయినా, ఫాను కిర్రుమన్నా, ఆయన స్క్రూడ్రైవరు ముట్టుకోవడం నేను చూడలేదు.

నేను టోకియో వెళుతున్నానని తెలిసినప్పుడు ఆ మూట తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఒరేయ్ పెద్దాడా, దీన్ని ఒకసారి పుట్టింటికి తీసుకెళ్ళు. బాగుచేయించమని కాదు. నా చేతిలో ఏం పాడయిందో కనుక్కునిరా, చాలు" అన్నాడు.

పదహారో రోజు పండక్కి వెళ్ళే ఆడపిల్లను దింపివచ్చినట్టుగా, నేనా పెట్టెను జపాను చేర్చాను.

వేలమందికి ఒక పెట్టె

మా తమ్ముడు కాపురం ఉండేది నిషి-కసాయ్ అనే పేటలో. భారతీయులు ఎక్కువగా ఉండే చోటు. కందిపప్పు, కరివేపాకు దొరుకుతాయి కనక వాడికి బెంగ లేదు. పాత సామాను బాగుచేసే కొట్లు ఆకిహబరాలో ఉంటాయనీ, కాస్త పొద్దెక్కితే గాని తెరవరనీ చెప్పి, "ఈలోగా దీని తాతముత్తాతల ఊళ్ళు చూపిస్తా రా" అని నన్ను భూగర్భ రైల్లో షిన్‌బాషి స్టేషనుకి తీసుకెళ్ళాడు.

స్టేషనుకి పడమటివైపు ఒక చిన్న మైదానం. మధ్యలో నల్లటి పాత ఆవిరి ఇంజను నిలబెట్టి ఉంది. ఉద్యోగస్తులు దాని పక్కనుంచి గబగబా నడిచిపోతున్నారు. చూడడానికి ఇంతకుమించి ఏమీ లేదు. కాని జపానులో టెలివిజన్ జనానికి పరిచయమయింది ఇలాంటి కూడళ్ళలోనే. అక్కడ ప్రసారాలు 1953 ఫిబ్రవరి 1న మొదలయ్యాయి. ఆ ఏడాది వచ్చిన దేశవాళీ పద్నాలుగంగుళాల సెట్టు ఖరీదు 1,75,000 యెన్లు. హైస్కూలు చదివి సర్కారు కొలువులో చేరినవాడి మొదటి జీతం నెలకి 5,400 యెన్లు. అంటే తిండీ బట్టా మానుకుంటే, రెండేళ్ళ ఎనిమిది నెలల జీతమన్నమాట! అంచేత ఒక ప్రైవేటు ప్రసార సంస్థ వీధి కూడళ్ళలో స్తంభాలు పాతి, వాటిమీద టెలివిజన్లు పెట్టించింది. 1954 ఫిబ్రవరిలో రికిదోజాన్ అనే వస్తాదు కెనడా మల్లులతో కుస్తీ పట్టినప్పుడు, ఈ షిన్‌బాషి మైదానంలో ఇరవైవేలమంది గుమిగూడారని చెప్పుకుంటారు.

ఒక్క పెట్టెకి ఇరవైవేలమంది! నా సంచీలో ఉన్న పెట్టె చుట్టూ కూర్చున్న పదకొండుమంది గుర్తొచ్చి, మా అరుగు కూడా ఆ వంశంలోదే గదా అనిపించింది.

అక్కడినుంచి నడిచిపోయేంత దూరంలో అటాగో కొండ. కొండ అనడం మర్యాదకే. ఎత్తు పాతిక మీటర్ల పైచిలుకు. కాని గుడికి ఎక్కే రాతిమెట్లు ఎనభయ్యారూ నిచ్చెనలా నిలబడి ఉంటాయి. పూర్వం ఒక రౌతు షోగన్ కోరిన పూలకొమ్మ కోసం గుర్రంమీదనే ఈ మెట్లెక్కాడట. నాకు గుర్రం లేదు. మూడుచోట్ల ఆగి ఎక్కాను.

పైన జపాను ప్రసార సంస్థవారి మ్యూజియం ఉంది. 1925లో రేడియో కేంద్రం వెలిసిన కొండమీదనే 1956లో దీన్ని తెరిచారు. ప్రసారాల చరిత్రకే ప్రత్యేకించి పెట్టిన మ్యూజియం ప్రపంచంలో ఇదే మొదటిదంటారు. లోపల నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది తకయనాగి కెంజిరో చేసిన ప్రయోగానికి నమూనా. ఆయన హమమాత్సులో ఉపాధ్యాయుడు. 1926 డిసెంబరు 25న ఒక అభ్రకపు పలక మీద వాళ్ళ 'ఇ' అక్షరం రాసి, దాన్ని నలభై గీతలుగా కోసి విద్యుత్తులోకి మార్చి, ఆవలి గాజుగొట్టం తెరమీద మళ్ళీ కనిపించేట్టు చేశాడు. వాళ్ళ పాత వర్ణమాల వరసలో 'ఇ' మొదటి అక్షరం, మనకి 'అ' ఎలాగో అలాగ. పలకమీద తొలి అక్షరం దిద్దించడాన్ని మనం అక్షరాభ్యాసమంటాం. జపాను టెలివిజన్‌కి కూడా అక్షరాభ్యాసమే జరిగిందన్నమాట!

గరాటు నుంచి అరచేతికి

మళ్ళీ షిన్‌బాషి వచ్చి రైలెక్కాం. నాలుగో స్టేషను ఆకిహబరా. ఆ కాస్త దూరంలో మా తమ్ముడు, ఇంజనీరు కనక, పెట్టె ఎలా చిక్కిపోయిందో చెప్పుకొచ్చాడు. దానికి నేను తరవాత చదివింది కొంత చేర్చి చదువరులకి విన్నవిస్తాను.

పాతకాలపు పిక్చర్ ట్యూబు ఒక గాజు గరాటు. వెడల్పాటి మూతి మనం చూసే తెర. గొంతులో ఎలక్ట్రాన్లను చిమ్మే తుపాకి. ఆ ఎలక్ట్రాన్ల ధారను అటూ ఇటూ, పైకీ కిందికీ తిప్పితే తెర వెనకాల పూసిన మందు వెలిగి బొమ్మ కడుతుంది. తిప్పడానికి కొంత దూరం కావాలి. అంచేత తెరను ఎంత చిన్నది చేసినా గరాటు తోక మాత్రం మిగిలిపోయేది. సోనీవారు 1960లో ట్రాన్సిస్టర్లతో ఎనిమిదంగుళాల సెట్టు చేశారు. 1962లో అయిదంగుళాలది చేశారు. 1970లో పానసోనిక్‌వారు ఒకటిన్నర అంగుళానికి దించారు. తెర తపాలాబిళ్ళకి చేరువయింది గాని పెట్టె మాత్రం పలచబడలేదు.

ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ అనే ఆయనకి ఇదే పిచ్చి. 1966లోనే ఒక నమూనా ప్రదర్శించి, అమ్మకానికి తేలేకపోయాడు. పదకొండేళ్ళు పట్టు విడవక, 1977 జనవరిలో 'మైక్రోవిజన్' విడుదల చేశాడు. రెండంగుళాల తెర. గొట్టం జర్మనీది. దాని గొప్పతనం ఒకటుంది. దేశానికో పద్ధతిలో టెలివిజన్ ప్రసారాలు సాగే ఆ రోజుల్లో, అది చాలా దేశాల ప్రసారాలను పట్టుకునేది. దేశాలు తిరిగేవాడి తోడు అన్నమాట. కాని అమెరికాలో దాని ధర దాదాపు నాలుగువందల డాలర్లు. అంత పెట్టి అగ్గిపెట్టెంత బొమ్మ చూసేవాళ్ళు ఎందరుంటారు?

గరాటు తోకను మడిచింది 1982లో సోనీవారు తెచ్చిన 'వాచ్‌మన్'. ఉపాయం వింటే ఇంతేనా అనిపిస్తుంది. మామూలు గొట్టంలో తుపాకి తెర వెనకనుంచి కొడుతుంది, మనం ముందునుంచి చూస్తాం. ఇందులో తుపాకిని తెర కింద పడుకోబెట్టారు. అది ధారను పైకి చిమ్మితే, ఆ ధార వంగి, ఏటవాలుగా ఉన్న తెర ముఖం మీదనే పడుతుంది. మనమూ ఆ ముఖాన్నే చూస్తాం. గోడ వెనకనుంచి కాక, గోడ మొదట్లో నిలబడి దానిమీదికి నీళ్ళు చిమ్మినట్టు. దాంతో పెట్టె మందం ముప్ఫయిమూడు మిల్లీమీటర్లకి దిగింది. ధర 54,800 యెన్లు. సింక్లెయిర్ కూడా 1983లో తుపాకిని పక్కకి పెట్టి పలచని సెట్టు చేశాడు. ధర ఎనభై పౌన్లే. అయినా పదిహేనువేలే అమ్ముడుపోయాయి.

అప్పటికే గాజుగొట్టం లేకుండానే బొమ్మ చూపే ద్రవస్ఫటికాల తెర వచ్చేస్తోంది. అదే ఎల్.సి.డి. 1982 డిసెంబరులో సీకోవారు చేతిగడియారంలో టెలివిజన్ పెట్టారు. తెర అంగుళంపావు కన్నా తక్కువ. మణికట్టున బొమ్మ, జేబులో రిసీవరు, రెంటికీ మధ్య చొక్కాచేతిలోంచి తీగ! మరుసటేడు అది జేమ్స్ బాండ్ చిత్రంలో కూడా కనిపించింది. దానికి సొంత వెలుగు లేదు, బయటి వెలుతురులోనే చూడాలి. 1984లో, గడియారాల పనికి పేరున్న సువా ఊరివాళ్ళు, ఎప్సన్ పేరుతో, రెండంగుళాల రంగుల ఎల్.సి.డి. టెలివిజన్ తెచ్చారు. తెరలో ప్రతి చుక్కకీ ఒక బుల్లి ట్రాన్సిస్టరు కాపలా. ఇప్పుడు మన జేబుల్లో ఉన్న ఫోను తెరలకి ఆ పద్ధతే మూలం.

ఇంతలో ఆకిహబరా వచ్చింది.

పట్టాల కింద పేట

ఆకిహబరా అనగానే ఈనాటి కుర్రకారుకి బొమ్మల కథలు, ఆటలు, రంగుదీపాలు. ఎత్తయిన మేడలనిండా పెద్దకళ్ళ బొమ్మపిల్లలు నవ్వుతుంటారు. కాని ఆ పేటను పుట్టించింది రేడియో. యుద్ధం ముగిశాక, దగ్గర్లో ఉన్న ఎలక్ట్రికల్ స్కూలు కుర్రాళ్ళు కొనుక్కునే వాల్వులూ తీగలూ అమ్మేవాళ్ళు వీధిలో బల్లలు వేసుకున్నారు. 1949లో ఆక్రమణ ప్రభుత్వం వీధి బల్లలు ఎత్తెయ్యమంది. అప్పుడు వాళ్ళు రైలుపట్టాలను మోసే వంతెన కింద తలదాచుకున్నారు. ఆ కొట్లు కొన్ని ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి తప్పుకోవలసిన సందు. అటూ ఇటూ చిన్న చిన్న అరల్లో స్విచ్చులు, మరలు, కెపాసిటర్లు మన పచారీకొట్లో పోపుదినుసుల్లా పోసి ఉంటాయి. పైన రైలు వెళ్ళినప్పుడల్లా అవి సన్నగా గలగలమంటాయి. మామయ్యను ఇక్కడ వదిలితే భోజనానికి ఇంటికి రాడు!

ఆ పేటలోనే వెనకసందులో ఉన్న ఒక పాత సామాన్ల కొట్టుకి మా తమ్ముడు తీసుకెళ్ళాడు. కొట్టుపెద్దకి డెబ్భయి ఉంటాయి. నేను మూట విప్పగానే ఆయన తువ్వాలుతో సహా రెండు చేతులతో అందుకున్నాడు. వెనకాల చీటీ చదివి, ఇది ఎగుమతికి చేసిన సెట్టు, జపాను ప్రసారాలు పట్టదు అన్నాడు. బాటరీలు వేసి మీట నొక్కాడు. అదే మంచు, అదే హోరు.

"మా ఇంట్లోనూ ఇంతే" అన్నాను, దోషిలాగా.

ఆయన ఏదో అడిగాడు. మా తమ్ముడు తెలుగులో చెప్పాడు: "మీ ఊళ్ళో పాత ప్రసారం ఇంకా ఉందా అని అడుగుతున్నారురా అన్నయ్యా."

మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. జపానులో పాత అనలాగ్ ప్రసారాలు 2011 జూలై 24న ఆగిపోయాయట. భూకంపం, సునామీ దెబ్బతిన్న మూడు జిల్లాలలో మాత్రం 2012 మార్చి దాకా ఉంచారట. డిజిటల్ ప్రసారంలో ఒక్కొక్క చానలును పదమూడు పాళ్ళు చేసి, అందులో ఒక పాలును 2006 ఏప్రిల్ నుంచే చేతిలో పట్టుకునే సెట్లకి కేటాయించారట. మరి మన సంగతి? తమ్ముడు ఫోనులో వెతికాడు. ప్రసార భారతి మన భూతల అనలాగ్ ప్రసారాలను దశలవారీగా ఎత్తేస్తూ వచ్చి, 2022 నాటికి, కీలకమైన చోట్ల ఉన్న యాభై కేంద్రాలు తప్ప, అన్నిటినీ ఆపేసింది.

ఆ వార్త నేను దినపత్రికలో చదివే ఉంటాను. కాని ఆ వార్తకీ, ఉప్పల్‌లో మామయ్య కిటికీ దగ్గర ఆగిపోయిన బొమ్మకీ సంబంధం ఉందని నాకు తట్టలేదు. దూరదర్శన్ ఉన్న రామంతపూర్ ఆయన ఇంటి పక్కపేటే! తల్లి ఒడిలో కూర్చున్నా పాలు అందనట్టు, ఆ పెట్టె రాత్రంతా గాలిలో వెతుక్కుంది. కొత్త డిజిటల్ తరంగాలు వచ్చినా దానికి ప్రయోజనం లేదు. చదువుకున్నదే పాపం, కాని లోకం లిపి మార్చేసింది.

కొట్టుపెద్ద బల్ల కిందనుంచి ఒక బూడిదరంగు యంత్రం తీశాడు. సెట్లు పరీక్షించడానికి నమూనా సంకేతం పుట్టించే యంత్రమట. మీటలు తిప్పి, మన దేశపు పద్ధతికి సరిచేసి, దాని తీగ కొసను మామయ్య సెట్టు ఏరియల్‌కి తగిలించాడు.

మంచు పోయింది. రెండంగుళాల తెరమీద నిలువు చారలు నిలబడ్డాయి. తెలుపునుంచి నలుపుదాకా ఎనిమిది. ఒక్కటీ వంగలేదు.

"సెట్టుకి జబ్బు లేదు" అన్నాడాయన.

నేను ఫోనుతో ఫొటో తీశాను. చెయ్యి కొంచెం వణికింది. ఆయన మూత విప్పి, భూతద్దంతో లోపల చూసి, ఒకచోట ఆగాడు. ఈ కెపాసిటరు మాది కాదు, ఇది ఎవరు అతికారు అని అడిగాడు. మా మామయ్య అన్నాం. తల ఊపి, "పనిమంతుడు" అన్నాడు. ఇందులో ఏం చూసేవారని మళ్ళీ అడిగాడు. తమ్ముడు రామాయణం సంగతీ, పదకొండుమంది సంగతీ చెప్పాడు. ఆయన నమ్మలేదు. ఇంత తెర అంతమందికి ఎలా కనిపిస్తుందన్నాడు. మేమిద్దరం సెట్టును బల్లమీద పెట్టి, తలకి తల ఆనించి, ఒకరి భుజంమీద ఒకరం గడ్డం పెట్టి చూపించాం. ఇద్దరికీ నలభయ్యేళ్ళు దాటిన సంగతి ఆ క్షణాన గుర్తులేదు. ఆయన పకపకా నవ్వాడు. పరీక్ష చేసినందుకు రెండువేల యెన్లు తీసుకుని, చక్కగా రసీదు రాసి ఇచ్చాడు.

ఇంటికి వెళ్ళే రైల్లో ఎవరి చేతిలో వాళ్ళకి ఒక తెర. రంగులు, స్పష్టత, కావలసినప్పుడు కావలసిన బొమ్మ. జేబులో టెలివిజన్ పెట్టాలని ముప్పయ్యేళ్ళపాటు తంటాలుపడినవాళ్ళ కల నెరవేరింది. ఇప్పుడు దాన్నెవరూ టెలివిజన్ అనరు, అంతే. పెట్టెలో అందరూ కూర్చున్నారు గాని, ఎవరి తలా మరొకరి తలకి ఆనడం లేదు.

హైదరాబాదు వచ్చిన మర్నాడే ఉప్పల్ వెళ్ళాను. "నీ చేతిలో ఏమీ పాడవలేదు మామయ్యా. ప్రసారమే ఆగిపోయింది. ఆవేళ తెలియక అన్నాను" అని ఫొటో చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వేలితో చారలు లెక్కపెట్టాడు. ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టాడు. తరవాత ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, చిన్న స్క్రూడ్రైవరు తెచ్చి, కిటికీ దగ్గర దినపత్రిక పరిచాడు.

"మళ్ళీ ఎందుకు మామయ్యా?" అనబోయి, ఈసారి నోరు మూసుకున్నాను.

మూత తీసి లోపలికి వంగి చూసి, తలెత్తాడు.

"ఒరేయ్, నేను కోఠీలో కొని వేసిన కెపాసిటరు అలాగే ఉంచాడ్రా!" అన్నాడు.